జీరో టికెట్

నవంబరు 8, శనివారం. చిత్తూరు.

రెండో శనివారం, స్కూలు లేదు. తిరుపతిలో చిన్నమ్మ ఇంట్లో ఉపవాస ప్రార్థన ఉందని నాలుగు రోజుల నుంచి ఫోన్లు. పోకపోతే "అమ్మ పోయినాక మా గడప తొక్కేదే మానేసింది" అంటుంది. ఉపవాసం విడిచాక తినడానికని పొద్దున్నే చిత్రాన్నం కలిపి, ఊరిబిండి నూరి, క్యారియర్‌లో సర్దాను. అమ్మ క్యారియర్. అడుగు గిన్నె మీద అమ్మ పేరు, 1987 అని చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. ఒక పక్క గొళ్లెం వదులు. అది ఊడకుండా అమ్మ పాత చీర అంచు చించి కట్టిన పేలిక, ఇప్పటికీ అదే.

పద్నాలుగు నెలలు ఆ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని ఈ దారిలో తిరిగాం. డయాలసిస్‌కి వారానికి మూడు తూర్లు, ఒక్కో తూరి నాలుగు గంటలు. సూది నొప్పి గురించి అమ్మ నోరెత్తేది కాదు. బస్సు చార్జీల గురించి మాత్రం తెగ బాధపడేది. టికెట్ మడిచి గాజుల సందున దోపుకుని, చంద్రగిరి వచ్చేలోపు నెలకు ఎంతవుతుందో వేళ్ల మీద లెక్కపెట్టేది. "ఆడోళ్లకి బస్సు ఫ్రీ చేస్తారంటమ్మే, నీకు కొంచెం బరువు తగ్గతాది" అనేది. జూన్‌లో అమ్మ ప్రభువునందు నిద్రించింది. ఆగస్టు 15న ఫ్రీ బస్సు వచ్చింది.

అమ్మ పోయినప్పట్నుంచి ఇవాళ్టిదాకా నేను తిరుపతి ముఖం చూడలేదు. పొద్దున కూడా బస్సెక్కలేదు, మా ఆయన స్నేహితుడి కారు అటు పోతుంటే అందులో వెళ్లాను.

ప్రార్థన బాగానే జరిగింది. పాటలయ్యాక సాక్ష్యాలు, అంటే దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పడం. చిన్నమ్మ వాళ్ల వీధిలోని అక్క ఒకామె లేచింది. మే నెలలో వాళ్ల అమ్మ, మా అమ్మ ఇద్దరూ ఐసీయూలో ఉన్నారు. ఈ గుంపే ఇద్దరి కోసం ప్రార్థించింది. రెండు పేర్లూ ఒకే కాగితం మీద, పైన వాళ్లమ్మది, కింద మా అమ్మది. ఆమె తల్లి ఇప్పుడు లేచి తిరుగుతోంది, తన పళ్లెం తనే కడుక్కుంటోందట. "దేవుడు ఆలస్యం చేయడమ్మా, సరైన టైముకి వస్తాడు" అంది అక్క. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. బహుశా నాదే అందరికన్నా గట్టిగా వినిపించి ఉంటుంది.

లోపల మాత్రం పచ్చిమిరపకాయ కొరికినట్టు ఉంది. ఆ అక్క మంచిది. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండుసార్లు ఇడ్లీలు తెచ్చిపెట్టింది. అలాంటి మనిషి సంతోషం చూసి నాకు కడుపు మండింది. ఎవరికి చెప్పుకోను? సాక్ష్యాల టైములో లేచి "నాకు అసూయగా ఉంది, దేవుడంటే కోపంగా ఉంది" అన్నవాళ్లను ఈ ముప్పై ఏళ్లలో నేను చూడలేదు. జవాబు వచ్చాకే మైకు మన చేతికి వస్తుంది.

టీ గ్లాసు చేతికిస్తూ చిన్నమ్మ పసిగట్టేసింది. "ఏమ్మే, మొగం అట్ల పెట్టుకున్నావు? నలుగుర్లో ఉండేటప్పుడు నవ్వతా ఉండాల. మనల్ని చూసే కదా బయటోళ్లు ప్రభువుని తెలుసుకునేది." సరే అని నవ్వాను.

నాలుగు గంటలకు బస్టాండులో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కండక్టరుకు ఆధార్ చూపిస్తే మిషను కర్రుమని తిప్పి జీరో టికెట్ చించి ఇచ్చాడు. వేలెడు కాగితం. మొత్తం దగ్గర సున్నా. అలవాటు కొద్దీ దాన్ని మడిచి గాజుల సందున దోపుకోబోయాను.

అంతే, ఇక ఆగలేదు. సమాధి దగ్గర రాని ఏడుపు, మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో రాని ఏడుపు, టికెట్ ముక్క పట్టుకుని వచ్చింది. కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని, పెదవులు కదలకుండా దేవుడితో పోట్లాడాను. "ఇప్పుడా ఇచ్చేది? రెండు నెలలు ఆగితే నీ సొమ్మేం పోయింది? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి లెక్కలు లేకుండా ఆమెను ఈ బస్సులో కూర్చోబెట్టలేకపోయావా? ఒకే కాగితం మీద రెండు పేర్లుంటే పైది చదివి మడిచేశావా?" బస్సు టికెట్ గురించి సృష్టికర్తను నిలదీయడమేంటని నాకే అనిపించింది. అయినా ఆపలేదు. జూన్ నుంచి నేను చేసిన ప్రార్థనలన్నీ స్తోత్రంతో మొదలై స్తోత్రంతో అయిపోయేవి. మధ్యలో నేను ఉండేదాన్ని కాదు.

పక్క సీట్లో గుండు గీయించుకున్న పెద్దావిడ, కొండ నుంచి వస్తోంది. బంగారుపాళ్యం దగ్గర పల్లెట. కాసేపు చూసి, "ఎవురు పోయినారు తల్లీ?" అంది. మా అమ్మ అన్నాను. దేవుణ్ణి తిడుతున్నానని కూడా చెప్పేశాను, ఎందుకు చెప్పానో తెలియదు. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "నేనూ స్వామిని అడగాలనే పోయినాను, నా కొడుకునెందుకు తీసుకుంటివని. ముందరికి పోతానే నోరు రాలా. నువ్వు నయం, అడిగినావు" అంది. లడ్డూ కవరు పక్కకు జరిపి, పూతలపట్టు దాకా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి తిట్టాడని చిన్నప్పుడు తెలుగు టీచరు చెబితే మేమంతా నవ్వాం. పరాయివాడిని ఎవరూ అలా తిట్టరు.

రాత్రి గిన్నెలు కడిగాక యోహాను సువార్త 11వ అధ్యాయం తీశాను. లాజరుకు జబ్బని కబురు విన్నాక కూడా యేసు ఉన్నచోటే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడు. ఆయన వచ్చేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. మార్త ఎదురెళ్లి అన్న మొదటి మాట స్తోత్రం కాదు. నువ్విక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చచ్చిపోయేవాడు కాదు, అని. తర్వాత మరియ వచ్చి కాళ్ల మీద పడి మళ్లీ అదే మాట. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ నాలుగు రోజులూ ఇంట్లో కూర్చుని ఇదే అనుకుని ఉంటారు. యేసు ఇద్దరిలో ఒక్కరినీ కసరలేదు. "యేసు కన్నీళ్లు విడిచెను" అన్నది ఆ తర్వాతే. కాసేపట్లో లాజరును లేపబోతున్నాడని తెలిసినవాడు ఎందుకు ఏడ్చాడో ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు అర్థం కాలేదు. ఇవాళ కూడా కాలేదు. కానీ చిన్నమ్మలా "మొగం అట్ల పెట్టుకోకండి" అనలేదు కదా, అది చాలు.

లాజరు లేచాడు. మా అమ్మ లేవలేదు. దీన్ని దాటేసి చదవడం నాకు చేతకాదు. పునరుత్థానం రోజున లేస్తుందని నమ్ముతున్నాను, మార్త కూడా ఆ మాటే అంది. అన్నాక కూడా ఆమె దుఃఖం పోయినట్టు అక్కడ రాసి లేదు.

ఆదరణ కూడికలో పాస్టరు అయ్యగారు చదివిన థెస్సలొనీకయుల పత్రికలోని వాక్యం కూడా తీసి చూశాను. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడకూడదని ఉంది. దుఃఖపడకూడదని లేదు. మనవాళ్లు మధ్యలో మాటలు మింగేశారు. 88వ కీర్తన అయితే చివరి మాట కూడా చీకటే, వెలుగు రాకుండానే అయిపోతుంది. దాన్ని ఎవరూ కొట్టేయలేదు. 150 కీర్తనల్లో మిగతావాటి పక్కనే పెట్టి ఉంచారు.

చిన్నమ్మ ఫోన్ చేసింది. "చేరినావా? ప్రార్థన చేసుకుని పడుకో." చేసుకున్నానన్నాను. "ఏమని?" అంది. చెప్పాను, బస్సులో అన్నదంతా, ఆ అక్క సంగతితో సహా. చాలాసేపు అటువైపు ఏమీ వినిపించలేదు. "మీయమ్మ నాకూ అక్కే కదమ్మే" అని ఫోన్ పెట్టేసింది.

రేపు రాత్రి చిన్నమ్మకు మళ్లీ ఫోన్ చేస్తాను. పొద్దున ఎనిమిదిన్నరకు ఆరాధన. తెల్లచీర ఇంకా ఇస్త్రీ చేయలేదు.