బీటిల్స్ బి-సైడ్లు పన్నెండు: 45 ఆర్‌పీఎం ప్లేట్ల నుంచి మోనో ఫైళ్లు, ఇప్పటిదాకా అయిన పని

బ్రిటన్‌లో 1962 నుంచి 1970 దాకా బీటిల్స్ సింగిల్స్ 22 వచ్చాయి. రెండు వైపులూ ఎ-సైడే అని ప్రకటించినవి, ఎల్పీల్లోకి ఎక్కినవి తీసేస్తే వెనకవైపు పాటలు పన్నెండు మిగులుతాయి: థాంక్ యూ గర్ల్, ఐ'ల్ గెట్ యూ, దిస్ బాయ్, షీ'జ్ ఎ వుమన్, యెస్ ఇట్ ఈజ్, ఐ'మ్ డౌన్, రెయిన్, ది ఇన్నర్ లైట్, రెవల్యూషన్, డోంట్ లెట్ మీ డౌన్, ఓల్డ్ బ్రౌన్ షూ, యూ నో మై నేమ్. అన్నీ కలిపి దాదాపు ముప్పై అయిదు నిమిషాలు. మొదటి ఎనిమిదీ పూర్తయ్యాయి, రెవల్యూషన్ సగంలో ఉంది, చివరి మూడూ ఇంకా ముట్టుకోలేదు.

ఈ పాటలన్నీ 1988లో వచ్చిన పాస్ట్ మాస్టర్స్ సంకలనంలో ఉన్నాయి. కానీ అందులో చాలావాటికి స్టీరియో మిక్సే (ఎడమ, కుడి శబ్దాలు వేరువేరుగా ఉండేది) వాడారు. ఒక్క ఓల్డ్ బ్రౌన్ షూ తప్ప, అప్పటి బ్రిటన్ కుర్రకారు కొనుక్కుని విన్నది మోనో మిక్స్, అంటే రెండువైపులా ఒకే శబ్దం. రెండింటికీ తేడా చిన్నది కాదు. థాంక్ యూ గర్ల్ స్టీరియోలో పాట మధ్యలోనూ చివరలోనూ వినిపించే అదనపు మౌతార్గాన్ మోనో సింగిల్‌లో లేదు. 2009లో వచ్చిన బీటిల్స్ మోనో సీడీల పెట్టెలో, మోనో మాస్టర్స్ అనే భాగంలో, మోనో మిక్సులూ వచ్చాయి కాబట్టి పోల్చి చూసుకోవడానికి ఆధారం ఉంది. ప్లేటు మీంచి తీసుకోవడం చిన్నతనమేమీ కాదు. లవ్ మీ డూ సింగిల్‌కి అసలు టేపు మిగల్లేదు కాబట్టి, పాస్ట్ మాస్టర్స్‌లో కంపెనీవాళ్లు కూడా ప్లేటు మీంచి ఎక్కించిందే వాడారు.

కడగడం. డిస్టిల్డ్ వాటర్ 800 మిల్లీలీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. బోరు నీళ్లు వద్దు. ఆరాక గాడిలో సున్నం మిగిలి కొత్త చిటపటలు పుడతాయి. మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా రుద్దకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడగాలి. ఈ రెండో కడుగు మానేస్తే సబ్బు పొర ముల్లుకి అంటుకుని, పాట సగానికి వచ్చేసరికి శబ్దం మసకబారుతుంది. కోస్తా ఊళ్లలో అట్టలోనే ఉండిపోయిన ప్లేట్లకి తెల్లటి బూజు చుక్కలు ఉంటాయి. వాటి మీద ద్రావణం రెండు నిమిషాలు నిలిపి తర్వాత బ్రష్ చేయాలి, పాత అట్టలోకి తిరిగి పెట్టకూడదు. లక్కతో చేసిన పాత 78 ప్లేట్ల దగ్గరికి ఈ ద్రావణం తీసుకెళ్లొద్దు, ఆల్కహాల్‌కి లక్క కరుగుతుంది.

వేగం. అమెరికా నుంచి తెచ్చుకున్న టర్న్‌టేబుల్‌లో మెయిన్స్‌ని బట్టి తిరిగే మోటారు ఉంటే, 60 హెర్ట్జ్ పుల్లీతో మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి మారుతుంది కానీ ఫ్రీక్వెన్సీ మారదు. పుల్లీ మార్చాల్సిందే. వేగం సరిచూసే గీతల చక్రం, స్ట్రోబ్ డిస్క్ కూడా 50 హెర్ట్జ్‌దే కావాలి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద గీతలు తేలవు, పాత ఫిలమెంట్ బల్బో నియాన్ ఇండికేటరో పెట్టుకోవాలి.

వేగాన్ని పాట శ్రుతిని బట్టి సరిచేద్దామనుకుంటే రెయిన్ దగ్గర దెబ్బతింటాం. ఆ పాటకి వాద్యాలు వేగంగా వాయించి టేపు నెమ్మది చేశారు. పాట పాడిన జాన్ లెనన్ గొంతు నెమ్మదిగా తిరిగే టేపు మీద రికార్డు చేసి వేగం పెంచారు. ట్యూనర్‌లో శ్రుతి స్వరాల మధ్యన ఎక్కడో ఆగితే అది మన టర్న్‌టేబుల్ లోపం కాదు. స్ట్రోబ్ గీతలు కదలకుండా నిలబడితే చాలు, అక్కడితో వదిలేయాలి.

రికార్డింగ్. ముల్లు ఉండే కార్ట్రిడ్జ్ ఆడియో టెక్నికా వీఎం95, ముల్లు ప్లేటు మీద మోపే బరువు 2 గ్రాములు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, నిమిషానికి దాదాపు 35 ఎంబీ. లెవెల్ మైనస్ 6 డీబీ దాటనివ్వకూడదు. గీత మీద ముల్లు ఎగిరినప్పటి చప్పుడు పాట కన్నా పైకి పోతుంది, ఆ జాగా ఉండాలి. ఎంత అరిగిన సింగిల్‌లోనైనా బి-సైడ్ తరచూ శుభ్రంగానే దొరుకుతుంది, ఎందుకంటే అందరూ తిప్పి తిప్పి విన్నది అవతలివైపు. కాబట్టి ఎ-సైడ్ చూసి ప్లేటు వదిలేయకండి.

మోనో ప్లేటుని స్టీరియో ముల్లుతో తీసినా రెండు చానెళ్లూ వేర్వేరుగా ఉంచుకోవాలి, వెంటనే కలిపేయకూడదు. గాడికి రెండు గోడలు, ఒకటి రెండోదానికన్నా ఎక్కువ అరిగి ఉంటుంది. ముందు ఒక చానెల్ తరంగాన్ని తలకిందులు చేసి (ఇన్వర్ట్) రెండోదానితో కలిపి వినాలి. పాట దాదాపు మాయమై చిటపటలే మిగిలితే సర్దుబాటు సరిగ్గా ఉన్నట్టు. "స", "ష" ధ్వనులు ఇంకా స్పష్టంగా వినిపిస్తున్నాయంటే ముల్లు ఓ పక్కకి ఒరిగినట్టు. ఆ స్థితిలో కలిపితే సింబల్స్ మెరుపు పోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ముందు కార్ట్రిడ్జ్ సరిచేసి మళ్లీ రికార్డు చేయాలి. ఒక్క గోడ మీదే ఉన్న గీతకైతే అవతలి చానెల్ నుంచి అంత ముక్కా తెచ్చి అతికిస్తే సరిపోతుంది. ఏ ఫిల్టరూ ఇంత నిజాయితీగా పని చేయదు.

ఇక చిటపటల పని. ఈ పన్నెండింటిలో నిజమైన కష్టం ఇదే. సాఫ్ట్‌వేర్ లోపమనుకునేదాంట్లో చాలా భాగం బీటిల్స్ కావాలని చేసినదే. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చిటపటలు తీసే క్లిక్ రిమూవల్ మామూలు సెట్టింగ్ థ్రెషోల్డ్ 200, వెడల్పు 20. థ్రెషోల్డ్ తగ్గించేకొద్దీ ఎక్కువ చోట్ల కోత పడుతుంది. షీ'జ్ ఎ వుమన్‌లో ఎదురు దెబ్బ మీద పడే గిటారు కోతకి మొదలు చాలా పదును. మొత్తం పాట ఎంచుకుని నడిపితే ఆ పదునంతా క్లిక్కుల లెక్కలోకి పోయి గిటారు చప్పబడుతుంది. అందుకని ఆ పాటకి ఆటోమేటిక్ అసలు వాడలేదు. బాగా దగ్గరికి లాగి చూస్తే ప్లేటు క్లిక్కు ఒంటరి ముల్లులా నిలబడి ఒక చానెల్‌లో ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ ఉంటుంది. గిటారు దెబ్బ రెండింట్లోనూ ఒకేలా లేచి మెల్లగా దిగుతుంది. ఈ తేడా పట్టుకుని ఒక్కో క్లిక్కూ రిపేర్ కమాండ్‌తో తీయాలి. దానికి 128 శాంపిళ్లే హద్దు, 96 కిలోహెర్ట్జ్ దగ్గర అది మిల్లీసెకను పైచిలుకు. వెడల్పాటి గీతలకి చాలదు, వాటికి చానెల్ అతుకే దారి.

యెస్ ఇట్ ఈజ్‌లో జార్జ్ హారిసన్ గిటారు వాల్యూమ్ పెడల్‌తో నిశ్శబ్దంలోంచి ఉబికి వస్తుంది. నాయిస్ రిడక్షన్ 12 డీబీ పెడితే ఆ ఉబుకు మొదలు తెగిపోతుంది. 4 దగ్గర ఆపాం, హిస్ (వెనక వచ్చే బుస శబ్దం) వినిపిస్తుంది, వినిపించనీ. రెయిన్ చివర పాట ఆగినట్టై మళ్లీ అందుకుంటుంది, గొంతు వెనక్కి తిరుగుతుంది. ఖాళీ కనబడగానే ట్రాక్ కత్తిరించే ఆటోమేటిక్ పద్ధతి వాడొద్దు.

ది ఇన్నర్ లైట్ మనకి దగ్గరి పాట. వాద్యాలన్నీ 1968 జనవరిలో బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోలో మన కళాకారులే వాయించారు. ఫిబ్రవరిలో లండన్ ఆబీ రోడ్‌లో గొంతు కలిపారు. లేడీ మడోనా సింగిల్ వెనకవైపు వేశారు. హారిసన్ రాసిన పాట బీటిల్స్ సింగిల్ మీదికి ఎక్కడం అదే మొదలు. వేణువు, షెహనాయి ఊపిరి చప్పుడు పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, సరిగ్గా ప్లేటు హిస్ ఉండే చోటే. దానికి నాయిస్ రిడక్షన్ సున్నా. చిటపటలు మాత్రం చేత్తో తీశాం.

రెవల్యూషన్ సగంలో ఆగిందీ ఈ చిటపటల పని దగ్గరే. గిటార్లని యాంప్లిఫయర్ లేకుండా నేరుగా మిక్సింగ్ డెస్కులోకి పెట్టి, ప్రీయాంప్‌లు తట్టుకోలేనంత పోటెత్తించి ఆ బొంగురు తెచ్చారు. క్లిక్ రిమూవల్‌కి అదంతా క్లిక్కులే, లెవెల్ దాటి తెగిన శబ్దాన్ని సరిచేసే డీక్లిప్పర్‌కి అదంతా క్లిప్పింగే. రెండూ మూసేసి, పోల్చడానికి మోనో మాస్టర్స్ పక్కన పెట్టుకుని, నాలుగేసి సెకన్ల చొప్పున చూస్తున్నాం. మొదటి గిటారు పరుగు, మొదటి చరణం అయ్యాయి.

మిగిలిన మూడింటికి ముందే చూసుకోవాల్సినవి ఉన్నాయి. డోంట్ లెట్ మీ డౌన్ బ్రిటన్ సింగిల్ మోనో, అమెరికాది స్టీరియో. ఓల్డ్ బ్రౌన్ షూ ఉన్నది బీటిల్స్‌కి బ్రిటన్‌లో మొదటి స్టీరియో సింగిల్ వెనక, కాబట్టి దాని చానెళ్లు కలపకూడదు. యూ నో మై నేమ్ సింగిల్‌లో మోనోయే. అక్కడక్కడా అతుకుల దగ్గర గది ధ్వని ఒక్కసారిగా మారిపోతుంది, ఆ మార్పులని సరిచేయకుండా అలాగే ఉంచాలి. ఫైళ్లన్నీ నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫార్మాట్‌లో, ఏ దేశం ప్లేటు, మోనోనా స్టీరియోనా, ఎంత నాయిస్ రిడక్షన్ అన్నది ట్యాగులోనే రాస్తున్నాం. ఏమీ ముట్టని మొదటి రికార్డింగ్ వేరే డిస్కులో ఉంటుంది.