విండ్సర్ కోటలో ఉత్తరం వైపు గదులు

ఇంగ్లండ్‌లోని స్లౌ ఊళ్లో నేను పనిచేసే కేర్ హోమ్‌లో, అంటే పెద్దవాళ్లను చూసుకునే చోట, నైట్ డ్యూటీ రాత్రి ఎనిమిదికి మొదలైతే పొద్దున్న ఎనిమిదికి అవుతుంది. తర్వాతి షిఫ్టు వాళ్లకు హ్యాండోవర్ ఇచ్చి, అంటే పని అప్పజెప్పి బయటికొస్తే, మబ్బు లేని రోజు విండ్సర్ కోట దూరంగా కనిపిస్తుంది. మొదటి ఏడాది అటువైపు వెళ్లనే లేదు. వీసా, డ్యూటీల రోటా, ఇంటికి పంపాల్సిన డబ్బు, అన్నీ టెన్షన్లే. ఇప్పుడు సెలవు దొరికితే అక్కడికే పోతుంటాను. ఇంగ్లండ్ రాజు మూడో జార్జి చివరి తొమ్మిదేళ్లు ఆ కోట ఉత్తరం వైపు గదుల్లోనే గడిపాడు. చూపు పోయింది, ఆ తర్వాత వినికిడీ పోయింది, మతి నిలకడ లేదు. రాత్రంతా నేను కనిపెట్టుకుని ఉండే మనుషుల్లాంటి మనిషే.

బడిలో ఆయన అమెరికాను పోగొట్టుకున్న రాజుగానే మాకు తెలుసు. మా గోదావరి ఒడ్డు కుంపెనీ చేతికి పోయింది కూడా ఆయన కాలంలోనే. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులు తీసుకున్నారు, 1800లో దత్తమండలాలు. అలాంటి రాజు మీద నాకు జాలి కలగడానికి కారణం మా హోమ్‌లో ఉండే ఒక పెద్దాయన.

ఆయనకు డెమెన్షియా, అంటే వయసుతో మతిమరుపు ముదిరే జబ్బు. నేను చేరిన రెండో వారంలో ఒక రాత్రి రెండున్నరకు, పైజమా మీద కోటు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డారు. "మా ఆవిడ స్టేషన్‌లో ఎదురుచూస్తుంటుంది, వెళ్లాలి" అన్నారు. ఆవిడ పోయి ఆరేళ్లయిందండీ అని ఉన్నమాట చెప్పేశాను. ఆయన గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. ఆ కబురు అప్పుడే విన్న మనిషి ఎలా ఏడుస్తాడో అలా ఏడ్చారు. పావుగంటకు ఎందుకు ఏడ్చారో మరిచిపోయారు గానీ చేతులు మాత్రం తెల్లారేదాకా వణుకుతూనే ఉన్నాయి. మా సీనియర్ మలయాళీ, అందరం చేచీ (అక్క) అంటాం. నన్ను పక్కకు పిలిచి, "ఇంకోసారి అడిగితే ఆవిడ గురించే మాట్లాడించు, టీ ఇవ్వు" అంది.

జార్జికి అలా చెప్పేవాళ్లు దొరకలేదు. 1788 చలికాలంలో జబ్బు ముదిరింది. నిద్ర లేదు, గంటల తరబడి ఆపకుండా మాట్లాడేవాడు. లండన్ పక్కన క్యూ అనే ఊళ్లోని రాజభవనంలో ఉంచి, లింకన్‌షైర్‌లో మతి తప్పినవాళ్ల ఆశ్రమం నడిపే ఫ్రాన్సిస్ విల్లిస్‌ను పిలిపించారు. మాట వినకపోతే చేతులు బిగించే చొక్కా తొడిగేవారు, కుర్చీకి కట్టేసేవారు. కాళ్లకు బొబ్బలెక్కే మందు రాసేవారు. ఆ కుర్చీని ఆయన తన పట్టాభిషేకం కుర్చీ అన్నాడట. ఈరోజు మేం మంచానికి సైడ్ రెయిల్ ఎత్తాలన్నా ఎందుకో కాగితం మీద రాయాలి. ఏమైతేనేం, 1789లో కోలుకున్నాడు. జబ్బేమిటన్నది ఇప్పటికీ తేలలేదు. ఒకప్పుడు పోర్ఫీరియా అనే వంశపారంపర్య జబ్బు అన్నారు, ఇప్పుడు చాలామంది బైపోలార్ అనే మానసిక జబ్బు అంటున్నారు.

ఈ కథలో నాకు బాగా దగ్గరగా అనిపించేది షార్లెట్ రాణి. జర్మనీలో మెక్లెన్‌బర్గ్ నుంచి ఓడలో వచ్చిన పదిహేడేళ్ల పిల్ల, ఇంగ్లీషు రాదు. 1761 సెప్టెంబరు 8న లండన్ చేరింది. అప్పటిదాకా చూడని మనిషితో ఆ రాత్రే పెళ్లి. పదిహేను మంది బిడ్డలు, అందులో ఇద్దరు పసితనంలోనే పోయారు. మళ్లీ పుట్టిల్లు చూసుకోలేదు. 1804లో జబ్బు తిరగబెట్టాక భర్తంటే భయమేసి వేరే గదిలో పడుకునేది. దానికి ఆవిణ్ణి తప్పుపట్టినవాళ్లున్నారు, నేను పట్టను. పన్నెండు గంటలయ్యాక నేను ఇంకొకరికి హ్యాండోవర్ ఇచ్చి ఇంటికొచ్చి పడుకుంటాను. ఆవిడ ఎవరికిస్తుంది?

1810లో చిన్న కూతురు అమీలియా ఇరవై ఏడేళ్లకే చనిపోయింది. జార్జి ఇక తేరుకోలేదు. 1811లో పెద్ద కొడుకు రీజెంట్, అంటే రాజు బదులు పాలించేవాడు అయ్యాడు. జార్జికి తెల్లటి గడ్డం పొడుగ్గా పెరిగిపోయింది. ఆ గదుల్లో తిరుగుతూ, పోయినవాళ్లు ఎదురుగా ఉన్నట్టే మాట్లాడేవాడు. సరిగా వినిపించకపోయినా పియానో లాంటి హార్ప్సికార్డ్ వాయించుకునేవాడు. 1818 నవంబరులో షార్లెట్ క్యూలో కన్నుమూస్తే ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. అందరూ దీన్నే అన్నిటికన్నా విషాదమంటారు. నా రెండో వారం రాత్రి గుర్తొచ్చి, తెలియకపోవడమే మేలయిందనుకుంటాను. 1820 జనవరి 29న ఆ కోటలోనే పోయాడు, ఎనభై ఒక్క ఏళ్లకు. అక్కడే సెయింట్ జార్జి చాపెల్ కింద ఇద్దరూ ఉన్నారు.

మొన్న రాత్రి మా పెద్దాయన మళ్లీ కోటు తొడుక్కున్నారు. "ఏ రైలుకొస్తున్నారండీ ఆవిడ?" అని అడిగాను. "రెడింగ్ నుంచొచ్చే దానికి. ఎప్పుడూ లేటే" అన్నారు. కుర్చీ లాగాను. కూర్చుని, ఆవిడ పసుపు రంగు గొడుగు గురించి చెబుతూ, కోటు గుండీలు ఒక్కొక్కటే తనే విప్పుకున్నారు.