వరదల నెలలో ఫోన్ ఆలోచన

హైదరాబాద్ నుంచి తమ్ముడు ఈరోజు మళ్లీ అదే మాట. "ఐఫోన్ ఇప్పుడు కొనకక్కా, సెప్టెంబరు దాకా ఆగు. కొత్తది వస్తే పాతదాని రేటు పడిపోద్ది." వాడు చెప్పేది ఉత్తి మాట కాదు. 2024లో ఐఫోన్ 16 వచ్చినప్పుడు 15 ధర 79,900 నుంచి 69,900కి దిగింది. నిరుడు 17 వచ్చాక 16 కూడా అంతే దిగింది. కొబ్బరికాయ మీద బతికే ఇంట్లో పదివేలు చిన్న మొత్తం కాదు.

కానీ ఈసారి పుకార్లు వేరేగా ఉన్నాయి. సెప్టెంబరులో ప్రో మోడళ్లు, మడతపెట్టే ఫోన్ వస్తాయట, మామూలు 18 మాత్రం వచ్చే ఏడాదేనట. అదే నిజమైతే నేను చూస్తున్న 17 ధర తగ్గుతుందో లేదో ఎవరు చెప్పగలరు? మడత ఫోన్‌తో నాకేం పని!

నా టెన్షన్ వేరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీరు 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. శ్రావణం వస్తే కోనసీమలో ఏ ఇంట్లో విన్నా ఈ అంకెలే. మా మేనత్త వాళ్లది లంక ఊరు, అంటే ఏటి మధ్య దీవి. కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు అక్కడ కరెంటు లేదు, అత్త కబురంతా ఫోన్‌లోనే తెలిసింది. గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలారని విన్నాకే నాన్న అన్నం తిన్నారు.

ఇప్పుడు నా ఐఫోన్ 11 ఇంకా 30 శాతం చూపిస్తూనే టక్కున ఆరిపోతోంది. మధ్యాహ్నం అంబాజీపేట కొబ్బరి రేటు అడుగుతుంటే మాట సగంలో తెగింది. సాయంత్రం అమలాపురంలో తెలిసిన షాపుకి తీసుకెళ్లాను. బ్యాటరీ హెల్త్ 76 శాతానికి వచ్చేసింది. "ఆయ్, ఫోన్ బానే ఉందండి, బ్యాటరీయే అయిపోయిందండి" అన్నాడు ఆ అబ్బాయి. బ్యాటరీ పాతబడితే లోపల నిరోధం పెరుగుతుందట. కెమెరానో వీడియో కాలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ పడిపోయి, చార్జింగ్ మిగిలి ఉన్నా ఫోన్ ఆగిపోతుందట. కొత్త ఫోన్ అమ్ముకోవచ్చు కదా, అలా అనకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నాకు చాలా నచ్చింది.

ఎప్పటికైనా మార్చక తప్పదు, అది నాకూ తెలుసు. నిరుడు వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 నా 11కి అందింది కానీ 2018 నాటి ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కి అందలేదు. ఆ లెక్కన తర్వాతి వంతు దీనిదే. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు యాప్ ఎక్కువ కాలం ఉంచడం నాకిష్టం లేదు. అయితే అది రేపే వచ్చి పడే ముప్పు కాదు. గోదావరి మాత్రం ఏ రాత్రయినా పెరగొచ్చు.

అందుకే బ్యాటరీ మార్పించేస్తున్నాను. రేపు పొద్దున రావులపాలెం మీదుగా రాజమండ్రి బస్సెక్కి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే వేయిస్తాను. కొత్త ఫోన్ సంగతి వరదలు తగ్గాక. సెప్టెంబరులో నిజంగా ఏమొచ్చింది, 17 ఎంతకొచ్చింది చూసి, దసరా ఆఫర్లలో తీసుకుంటాను. తమ్ముడికి ఇదే చెప్పాను. "సరే, ముందు బ్యాకప్ తీసుకో" అన్నాడు. తీస్తున్నాను.