గంగ చెంబు, మామిడి అంటు

"ఇంకో జానెడు లోతు తవ్వరా, వేరు తిన్నగా దిగాలి" అంటోంది అమ్మమ్మ, అరుగు మీంచి.

పొద్దున కడియం నుంచి బంగినపల్లి అంటు తెచ్చాను. తనే అడిగింది. వయసు 86. కాపుకి ఎలా లేదన్నా మూడు నాలుగేళ్లు పడుతుంది.

లోపలికెళ్తే దేవుడి గూట్లో కాశీ నుంచి తెచ్చుకున్న గంగ చెంబు. మూతకి వేసిన సీలు అలాగే ఉంది. చివరి ఘడియలో తులసాకు వేసి నోట్లో పోయమని అందరికీ ఎప్పుడో చెప్పేసింది. వారం వారం చింతపండుతో తోముతుంది, తళతళలాడుతుంటుంది. దాన్ని చూస్తే నాకు దిగులు. ముట్టుకోను కూడా.

నాన్న పోయినప్పటి నుంచీ నాకు ఒకటే ఆలోచన: బాగా బతకడానికా ఈ జన్మ, చావుకి సిద్ధపడటానికా? అమ్మమ్మకి ఆ రెండూ ఒకే ఇంటి పనుల్లా ఉన్నాయి.

సాయంత్రం మళ్లీ పిలిచింది, మొక్కకి నీళ్లు పోశావా అని.