పన్నెండు మీటర్ల రోడ్డు

జీబ్రా గీతల మీద సగం దూరం దాటాక కారు తగిలింది. శబ్దం గుర్తులేదు. చేతిలోని గొడుగు ఎగిరిపడి, రోడ్డు మధ్యలో దానంతటదే విచ్చుకోవడం మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. లేవబోయాను. ఎడమ పాదం నా మాట వినలేదు.

మోకాలి కింది పెద్ద ఎముక మూడు ముక్కలైంది. లోపల రాడ్డు వేసి, పైనా కిందా స్క్రూలు బిగించారు. ఆరు వారాలు ఆ కాలి మీద బరువు మోపకూడదన్నారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టకు ఇంజెక్షన్. మంచం మీది నుంచి కాలు కిందికి దించితే చాలు, ఒంట్లోని రక్తమంతా అందులోకే దిగినట్టు బరువెక్కి వేళ్లు ఊదారంగుకు తిరిగేవి. ఆరు వారాలు గడిచాక రెండు కాళ్లూ పక్కపక్కన చాపి చూసుకున్నాను. పిక్క కండ కరిగిపోయిన ఆ కాలు నాదే అనిపించలేదు. చేత్తో తడుముతూ చాలాసేపు ఏడ్చాను.

డాక్టరు గారు ఎక్స్‌రే చూపిస్తూ, "కారు ముప్పైలో ఉండబట్టి కాలితో పోయింది. యాభైలో ఉంటే చెప్పలేం" అన్నారు. వేగం గంటకు 30 నుంచి 50 కిలోమీటర్లకు పెరిగితే తాకిడి శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. బడిలో చదువుకున్న సూత్రమే. పదేళ్లు కారు నడిపినా దాన్ని ఏనాడూ మనిషి ఎముకతో కలిపి ఆలోచించలేదు. అదే రోడ్డు మీద నేనూ యాభై దాటి వెళ్లిన రోజులున్నాయి. ఆ సంగతి తలుచుకుంటే నొప్పి కన్నా ఎక్కువ బాధ కలిగేది.

నడక మళ్లీ నేర్చుకోవడం నేల మీద అతికించిన రెండు టేపు ముక్కల మధ్య మొదలైంది. వాటి మధ్య దూరం పది మీటర్లు. ఫిజియోథెరపిస్టు స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన నడిచేది. చంక కర్రలతో మొదటిసారి 21 సెకన్లు పట్టింది. "బాగుంది, వచ్చే వారం ఇరవై చేద్దాం" అంది. నాకు మాత్రం నన్ను కారు కొట్టిన చోటే గుర్తొచ్చింది. ఆ రోడ్డు వెడల్పు పన్నెండు మీటర్లు. ఈ నడకతో దాటాలంటే 25 సెకన్లు కావాలి. అక్కడ పచ్చ మనిషి బొమ్మ వెలిగేది పదే సెకన్లు.

ఆ పది ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. పాదచారులు సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారన్న లెక్కతో సిగ్నళ్లు అమర్చడం చాలా దేశాల్లో ఆనవాయితీ. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటినవారి నడకను కొలిచిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. వారిలో ఎక్కువ మంది ఆ వేగాన్ని అందుకోలేకపోతున్నారని తేలింది. అంటే ఆ లెక్క కట్టినప్పుడు ముసలివాళ్లు, గర్భిణులు, కర్రల సాయంతో నడిచే నాలాంటివాళ్లు ఎవరి మనసులోనూ లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో రోడ్ల మీద 11 లక్షల 90 వేల మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్లు, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లే. ఇన్ని ప్రాణాలు పోతుంటే దీన్ని కేవలం ట్రాఫిక్ సమస్య అని ఎలా అనగలం?

నాలుగు నెలలు కారు నడపవద్దన్నారు కాబట్టి బస్సెక్కాను. స్టాపు దాకా నడక, మెట్టెక్కడం, దిగడం, మళ్లీ ఆఫీసు దాకా నడక. వారం తిరిగేసరికి చీలమండ వాపు తగ్గింది. ఆ మాట చెబితే ఫిజియోథెరపిస్టు ముఖం వెలిగిపోయింది. లండన్ రెండంతస్తుల బస్సుల మీద జెరెమీ మోరిస్ చేసిన పరిశోధన గురించి అప్పుడే చెప్పింది. ఆయన ఫలితాలు 1953లో వెలువడ్డాయి. రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్ల కన్నా, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు బాగా తక్కువట. ఇప్పుడు కారు నడపవచ్చు. అయినా ఆఫీసుకు బస్సులోనే వెళుతున్నాను.

ఆ రోడ్డు దాటడానికి మాత్రం ధైర్యం చాలలేదు. ఎన్నో వారాలు చుట్టుతిరిగి వెళ్లాను. ఎక్కడ హారన్ మోగినా కాలు బిగుసుకుపోయేది. అయిదో నెలలో అన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్లి, దాటకుండా ఒక పక్కన నిలబడి స్టాప్‌వాచ్ నొక్కుతూ ఉన్నాం. గంటసేపట్లో పదకొండు మంది మధ్యలో ఉండగానే ఎర్రదీపం పడింది. ఒక పెద్దావిడ చేతి సంచీని గుండెకు హత్తుకుని, రెండు వైపులా వాహనాలు కదులుతుంటే గీత మీదే నిలబడిపోయింది. ఆ ముఖం నేను మరచిపోలేను.

ఆ సమయాలన్నీ కాగితం మీద రాసి, సంబంధిత కార్యాలయంలో ఇచ్చి, రశీదు తీసుకున్నాను. రెండు నెలలు తిరిగితే సిగ్నల్‌కు ఆరు సెకన్లు కలిపారు. ఇప్పుడు నా పది మీటర్ల నడక ఎనిమిది సెకన్లకు వచ్చింది, హాయిగా దాటగలను. కానీ కర్రలతో నడిచిన ఆ మొదటి రోజుకు ఈ పదహారు సెకన్లూ చాలవు. అందుకే రోడ్డు మధ్యలో ఆగి నిలబడేందుకు ఒక దిమ్మె కట్టమని రెండో దరఖాస్తు రాస్తున్నాను.