కుండపోత రాత్రి లైవ్: డెస్క్‌లో నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక తెలుగు న్యూస్ ఛానల్‌లో, వార్తల్ని తెర మీదికి పంపే అవుట్‌పుట్ డెస్క్‌లో వానాకాలం షిఫ్టులు చూస్తాను. కుండపోత మొదలయ్యాక లైవ్ ఎలా నడుస్తుంది, ఎక్కడ తప్పు జరుగుతుంది, జరగకుండా ఏం చేస్తాం అన్నది కొత్తగా డెస్క్‌కు వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. తెర మీద కనిపించే ప్రతి లైన్‌లో మూడు సంగతులు ఉండాలని నా పట్టుదల. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరు చెప్పారు. వీటిలో ఒకటి లేకపోయినా, ఆఫీసు మెట్ల మీద నిలబడి బండి తీయాలా వద్దా అని చూస్తున్న మనిషికి ఆ లైన్ అక్కరకు రాదు.

పని మధ్యాహ్నమే మొదలవుతుంది. బేగంపేట వాతావరణ కేంద్రం బులెటిన్ రాగానే అందులోని మాటల్ని ఉన్నవి ఉన్నట్టు దించుకోవాలి. భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. అతి భారీ అంటే 115.6 నుంచి 204.4. అది దాటితే అత్యంత భారీ. ఇవి లెక్కతో కట్టిన మాటలు కాబట్టి ఊపు కోసం ఒక మెట్టు పెంచి రాయకూడదు. రంగులూ అంతే. రెడ్ అనగానే ఊరంతా మునిగిపోతుందనుకుంటారు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే వెంటనే జాగ్రత్త పడండి అని అర్థం. ప్లేట్ మీద, అంటే తెర మీద వేసే అక్షరాల పలక మీద, రంగు పేరు పక్కనే ఈ మాట కూడా వేస్తే ఫోన్లు సగం తగ్గుతాయి. వచ్చే 2, 3 గంటలకు ఇచ్చే నౌకాస్ట్‌కు గడువు ఉంటుంది. సాయంత్రం 5కి వచ్చింది రాత్రి 10కి కూడా తెర అడుగున పరుగెత్తే స్క్రోల్‌లో తిరుగుతోందంటే తప్పు మనదే.

అసలు చిక్కు రాడార్ చిత్రంతో. వాతావరణ శాఖ రాడార్ చిత్రాల మీద సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. చిత్రం మీద 12:30 అని ఉంటే మనకు సాయంత్రం 6. కొత్త పిల్లలు దాన్ని మధ్యాహ్నం చిత్రమనుకుని పక్కన పెట్టేస్తారు, లేదా అదే అంకెతో గ్రాఫిక్ వేసేస్తారు. అందుకే డెస్క్‌లో గోడ గడియారం కింద యూటీసీ గడియారం ఇంకొకటి పెట్టించాం. ఇక రంగుల లెక్క డీబీజెడ్‌లో, అంటే చినుకులకు తగిలి రాడార్‌కు తిరిగొచ్చే సంకేతం ఎంత బలంగా ఉందన్న కొలతలో ఉంటుంది. 40 దాటితే గట్టి వాన, 50 దాటితే వడగళ్లకూ అవకాశం. తెరపై డీబీజెడ్ అనే మాట అక్కర్లేదు. "ఎరుపు ఉన్నచోట జోరు వాన" అని యాంకర్ చెబితే చాలు.

వాన ఎటు వెళుతోందో చెప్పడానికి 20 నిమిషాల తేడాతో రెండు చిత్రాలు తీసుకుంటాం. మేఘం ముందు అంచు 10 కిలోమీటర్లు జరిగితే వేగం గంటకు 30 కిలోమీటర్లు. శంకర్‌పల్లి దగ్గరున్నది అదే దారిలో, అదే వేగంతో వస్తే గచ్చిబౌలికి గంట లోపే అందుతుంది. ఇక్కడ "వస్తే" అన్న మాట తీసేయకూడదు. వేసవి ఉరుముల మేఘం దారిలోనే కరిగిపోవచ్చు, అరగంటలో నగరం మీదే కొత్తది పుట్టొచ్చు. ఇంకో సంగతి, రాడార్ ఊళ్లోనే ఉంది. తన నెత్తి మీదికి వచ్చిన మేఘం పైభాగం దానికి కనపడదు. బేగంపేట, సికింద్రాబాద్ మీద చిత్రం పలచగా ఉంది కదా అని "అక్కడ వాన తగ్గింది" అనేయకూడదు. అక్కడున్న మనిషికి ఫోన్ చేసి అడిగి చెప్పాలి.

వర్షపాతం అంకెలు ఎక్కువగా రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం వాళ్ల ఆటోమేటిక్ కేంద్రాల నుంచి వస్తాయి. ఇందులో పెద్ద తప్పు గంటల దగ్గర జరుగుతుంది. వర్షపాతం లెక్కలో రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది. రాత్రి 11కి చూసే 92 మిల్లీమీటర్లలో మధ్యాహ్నం జల్లు కూడా కలిసి ఉంటుంది. దాన్ని "రెండు గంటల్లో 9 సెంటీమీటర్లు" అని రాసేస్తే అబద్ధమే. పాత అంకె, కొత్త అంకె రెండూ సమయంతో షీట్‌లో రాసుకుని తేడా తీయాలి. 9 గంటలకు 31, 11 గంటలకు 92 ఉంటేనే ఆ రెండు గంటల్లో 61 అనగలం. క్లౌడ్ బరస్ట్ అన్న మాట కూడా ఇక్కడే జారుతుంది. సుమారు 20, 30 చదరపు కిలోమీటర్ల మేర గంటలో 10 సెంటీమీటర్లు పడితేనే దాన్ని అలా అంటారు. మా డెస్క్‌లో ఆ మాట వాతావరణ శాఖ నోటి నుంచి వస్తే తప్ప వాడం.

నగరానికంతా ఒకే అంకె వేయడం కూడా తప్పుదారి పట్టిస్తుంది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడితే బేగంపేటలో నమోదైంది 19 సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే పడమర నుంచి తూర్పుకు వరుస పెట్టి చదివిస్తాను: పటాన్‌చెరు, మియాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట, సికింద్రాబాద్, ఉప్పల్. తర్వాత దక్షిణం: టోలిచౌకి, చార్మినార్, సరూర్‌నగర్, ఎల్బీనగర్. ప్రతి 10 నిమిషాలకు అదే వరుస. తన పేట ఎప్పుడు వస్తుందో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. పేర్ల దగ్గర ఇంకో జాగ్రత్త. బీహెచ్ఈఎల్ పక్కన రామచంద్రాపురం ఉంది, గోదావరి వైపు రామచంద్రపురం ఉంది. ఇందిరానగర్‌లు ఈ ఊళ్లో ఎన్నున్నాయో లెక్కలేదు. పక్కన పెద్ద గుర్తు లేకుండా పేటపేరు వేయం.

రిపోర్టర్లను ఎక్కడ నిలబెట్టాలన్నది వాన పడకముందే తేలాలి, మొదలయ్యాక బండి కదలదు. మలక్‌పేట రైల్వే వంతెన కింద, ఖైరతాబాద్ రాజ్‌భవన్ రోడ్డు, అమీర్‌పేట మైత్రీవనం, టోలిచౌకి నదీమ్ కాలనీ, మూసారాంబాగ్. ఇవి దాదాపు ప్రతి ఏడూ నిలిచేవే. వెళ్లేవాళ్లకు చెప్పేది ఒకటే: కదిలే నీళ్లలో కాలు పెట్టొద్దు. జోరుగా పారే నీళ్లు అరడుగు ఉన్నా మనిషి పడిపోతాడు, అడుగుంటే చిన్న కారు కొట్టుకుపోగలదు. నిలిచిన నీళ్లూ నమ్మదగ్గవి కావు. నీళ్లు పోవడానికి ఎవరో మ్యాన్‌హోల్ మూత తీసి ఉంచుతారు, పైనుంచి కనపడదు. ట్రాన్స్‌ఫార్మర్, హోర్డింగ్, చెట్టు కింద నిలబడొద్దు. ఉరుములప్పుడు ఫ్లైఓవర్ ఎక్కొద్దు. నడుంలోతు నీళ్లలో నిలబడి మాట్లాడితే దృశ్యం బాగుంటుందని పీసీఆర్ (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్) నుంచి అడిగినా సరే, వద్దని చెప్పే బాధ్యత డెస్క్‌ది. దానిమీద నాకు రాజీ లేదు.

కెమెరాతో వచ్చే తంటాల్లో మొదటిది అద్దానికి ఆవిరి పట్టడం. ఏసీ కారులోంచి తడిగాలిలోకి తీయగానే లెన్స్ తెల్లబారిపోతుంది, ఎంత తుడిచినా మళ్లీ పడుతుంది. చోటు చేరడానికి 15 నిమిషాల ముందే ఏసీ ఆపి అద్దాలు కాస్త దించుకోవాలి. మైక్‌కు పలచటి ప్లాస్టిక్ కవర్ తొడిగి కింద రబ్బర్ బ్యాండ్ వేయాలి. మందపాటి కవరైతే చినుకులు పడ్డప్పుడల్లా డప్పు మోత వస్తుంది. మొబైల్ నెట్‌వర్క్ మీద బొమ్మ పంపే లైవ్ బ్యాక్‌ప్యాక్‌లో వేర్వేరు కంపెనీల సిమ్‌లు నాలుగైదు ఉంటాయి. కానీ ట్రాఫిక్ ఆగిపోయిన కూడలిలో అందరూ ఫోన్ తీసేసరికి నెట్‌వర్క్ అంతా ఒక్కసారే నిండిపోతుంది. అప్పుడు బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) తగ్గించి, ఆలస్యం 2 సెకన్ల నుంచి 6కు పెంచితే బొమ్మ నిలుస్తుంది. యాంకర్‌కు ఆ సంగతి టాక్‌బ్యాక్‌లో, అంటే చెవిలోని ఇయర్‌పీస్‌లో చెప్పకపోతే యాంకర్, రిపోర్టర్ ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. కరెంటు పోయిన పేటలో సెల్ టవర్ బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది. అక్కడికి వెళ్లినవాళ్లు ముందే కొంత రికార్డు చేసి పంపేయాలి. బొమ్మ రాని పక్షంలో ఫోనో (ఫోన్‌లో రిపోర్టర్ మాట) తీసుకుని మ్యాప్ మీద నడిపించొచ్చు.

వాట్సాప్ వీడియోలే ఆ రాత్రి ఎక్కువ సమయం తింటాయి. గంటకు వందల్లో వస్తాయి. కార్లు కొట్టుకుపోయే 2020 వీడియోలు ప్రతి వానకూ కొత్తగా తిరుగుతాయి. ఒక మనిషిని అచ్చంగా ఈ పనికే కూర్చోబెడతాం. బండ్ల నంబర్ ప్లేట్ మీద టీజీ ఉంటే అది 2024 మార్చి తర్వాతిదని తేలుతుంది. టీఎస్ మాత్రమే ఉంటే ఏమీ తేలదు, పాత బండ్లూ తిరుగుతున్నాయి. మెట్రో పిల్లర్ మీద నంబర్ కనిపిస్తే చోటు దొరికినట్టే. షాపు బోర్డు మీద బ్రాంచి పేరు చూడాలి. రివర్స్ సెర్చ్‌లో ఒక ఫ్రేమ్ వేసి అదే బొమ్మ ఇంతకుముందు నెట్‌లో వచ్చిందేమో చూడాలి. ఇవన్నీ అయ్యాక కూడా అనుమానముంటే పంపినవాళ్లకే ఫోన్ చేస్తాం.

"అమ్మా, ఇప్పుడు మీరు అక్కడే ఉన్నారా?"

"మా బాల్కనీలోంచే తీసినం సార్, నీళ్లు ఇంకా అట్లనే ఉన్నయి."

"అక్కడ్నుంచే ఇంకో పది సెకన్లు తీసి పంపుతారా? కిందికి మాత్రం దిగొద్దు. ఎదురుగా ఏ షాపు ఉందో నోటితో చెప్పండి."

నిజంగా అక్కడున్నవాళ్లు రెండు నిమిషాల్లో పంపుతారు. ఫార్వర్డ్ చేసినవాళ్లు ఫోన్ పెట్టేస్తారు. వీడియోను డాక్యుమెంట్‌గా పంపమంటే తీసిన సమయం చెరిగిపోకుండా వస్తుంది. ప్రకృతి విపత్తుల దృశ్యాల మీద తేదీ, సమయం వేయాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 ఆగస్టులో ఛానళ్లకు సూచించింది కూడా. సాయంత్రం 7 నాటి దృశ్యం రాత్రి 11కి మళ్లీ తిప్పితే చూసేవాళ్లు వాన తగ్గలేదనుకుని పిల్లల్ని ట్యూషన్ దగ్గరే ఉంచేస్తారు. అందుకే మూలన "సా. 7:10" అని ఉండాల్సిందే.

స్క్రోల్‌దీ అదే గొడవ. రోడ్డు మూసిన వార్త పెట్టడానికి అందరూ పరుగెత్తుతారు, తెరిచారన్న వార్త పెట్టడానికి ఎవరూ ఉండరు. మలక్‌పేట వంతెన కింద రాకపోకలు బంద్ అన్న లైన్, దారి తెరిచాక మూడు గంటలు మా తెరమీద తిరిగిన రాత్రి ఒకటి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాల్సినవాళ్లు చుట్టు తిరిగి వెళ్లారు. అప్పట్నుంచి ప్రతి స్క్రోల్ లైన్‌కు షీట్‌లో తీసేసే సమయం కూడా రాస్తున్నాం. 45 నిమిషాల్లో ట్రాఫిక్ కంట్రోల్ రూమ్ నుంచి మళ్లీ ధ్రువీకరణ రాకపోతే లైన్ పడిపోతుంది.

మూసీ సంగతి వేరు. ఇక్కడ వాన ఆగిపోయినా ప్రమాదం తర్వాత వస్తుంది. వికారాబాద్ వైపు పడ్డ నీళ్లు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చేరాక గేట్లు ఎత్తుతారు. మూసీ, ఈసీ లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర కలిసి పురానాపూల్, చాదర్‌ఘాట్ మీదుగా దిగుతాయి. 2025 సెప్టెంబరు చివర్లో నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే వచ్చాయి. కాబట్టి గేట్ల వార్తలో "గేట్లు ఎత్తారు" అంటే సరిపోదు. ఎన్ని గేట్లు, ఎన్ని అడుగులు, ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని గంటలకు. మట్టం చెప్పేటప్పుడు పూర్తిస్థాయి మట్టం పక్కనే ఉండాలి: ఉస్మాన్‌సాగర్‌కు 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌కు 1763.5 అడుగులు, హుస్సేన్‌సాగర్‌కు 513.41 మీటర్లు. ఒకటి అడుగుల్లో, ఇంకొకటి మీటర్లలో ఉంటుంది, రెంటినీ ఒకే ప్లేట్‌లో యూనిట్ లేకుండా వేస్తే గందరగోళం. చెరువు కట్ట తెగిందన్న ఫోన్ వస్తే, అక్కడున్న మన మనిషి కళ్లతో చూసి చెప్పాలి, లేదా అధికారి చెప్పాలి. ఈ రెండూ లేకుండా బ్రేకింగ్ వేస్తే కింది బస్తీల్లో జనం చీకట్లో పరుగులు తీసి కాళ్లు విరగ్గొట్టుకుంటారు. అలాగని దాచిపెట్టనూ కూడదు. ధ్రువీకరణ వచ్చిన క్షణమే ఏ బస్తీలవాళ్లు ఎటు వెళ్లాలో అదే లైన్‌లో ఉండాలి.

జోరు వానలో డీటీహెచ్ సిగ్నల్ పోతుంది. అది కేయూ బ్యాండ్ అనే తరంగాల మీద వస్తుంది, చినుకులు వాటిని మింగేస్తాయి. కరెంటు కూడా పోతుంది. అంటే వాన ఎక్కడ ఎక్కువుందో అక్కడివాళ్లకే టీవీ ఉండదు. వాళ్లు ఫోన్లో యూట్యూబ్ లైవ్ చూస్తుంటారు, చాలామంది జేబులో పెట్టుకుని వింటుంటారు. కాబట్టి తెరమీద రాసిన ప్రతి రోడ్డు పేరు యాంకర్ నోటితో చదవాలి. అక్షరాలు ఫోన్లో ఆనేంత పెద్దవిగా ఉండాలి. పక్కన తిరిగే యానిమేషన్ మెరుపులు, సైరన్ మోత తీసేయిస్తాను. నిజమైన పిడుగు శబ్దానికి, మన ఎఫెక్ట్‌కు తేడా తెలియక ముసలివాళ్లు భయపడతారు.

రాత్రి 9 దాటితే సెలవు గొడవ మొదలు. రేపు స్కూళ్లు లేవంటూ నకిలీ ఉత్తర్వులు వస్తాయి, చాలావరకు కిందటేటివే తేదీ మార్చి తిప్పినవి. జిల్లాకొక కలెక్టర్ విడివిడిగా సెలవు ఇచ్చే రోజులున్నాయి. హైదరాబాద్ జిల్లాకు ఇచ్చారని "నగరంలో సెలవు" అనేస్తే కూకట్‌పల్లి తల్లులు పొరబడతారు. అది మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా. గచ్చిబౌలి రంగారెడ్డి, పటాన్‌చెరు సంగారెడ్డి. జిల్లా పౌరసంబంధాల అధికారికి ఫోన్ చేసి, జిల్లా పేరుతో సహా వేయాలి.

తెల్లవారాక షిఫ్టు అప్పగించేటప్పుడు ఆఖరి పని 8:30 అంకెలు. సరిగ్గా ఆ సమయానికి ఆటోమేటిక్ కేంద్రాలన్నీ మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. రాత్రి 112 చూసినవాళ్లు పొద్దున 0 చూసి ఛానల్ అబద్ధం చెప్పిందంటారు. 8:25కే పాత పట్టికను దించి భద్రపరిచి, "నిన్న ఉదయం 8:30 నుంచి నేటి ఉదయం 8:25 వరకు" అన్న శీర్షికతో ప్లేట్ సిద్ధం చేసి పగటి డెస్క్ చేతిలో పెట్టాకే ఇంటికి బయల్దేరుతాను.