మా ఆవిడకి ఒళ్లు కాలినప్పుడు ఆస్పత్రిలో మేం పడ్డ పాట్లు – నా అనుభవం

నిన్న సాయంత్రమే డిశ్చార్జి అయి ఇంటికొచ్చాం. మా ఆవిడ లోపలి గదిలో నిద్రపోతోంది. నాకైతే కోపం ఇంకా చల్లారలేదు, నాలుగు రోజులు పోతే పనుల్లో పడి రాయనని ఇప్పుడే కూర్చుని రాస్తున్నా. మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ వైపు పల్లె. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఆఫీసుల్లో ఒడియా. మా ఆవిడది ఆంధ్రా, హిరమండలం అవతల. పెళ్లై మా ఇంటికొచ్చాక కూరగాయల బేరానికి సరిపడా ఒడియా నేర్చుకుంది, అంతకు మించి రాదు. ఇది ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది. ఆస్పత్రి పేరు మాత్రం రాయను.

పండక్కి జంతికలు వేస్తూ, పొయ్యి వెనక అరలో డబ్బా అందుకోబోయింది, నైలాన్ నైటీ చెయ్యి మంటకి తగిలింది. నైలాన్ ఊరికే కాలదు, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నేను పక్కగదిలోనే ఉన్నాను, మందపాటి దుప్పటి చుట్టి నేలమీద దొర్లించి ఆర్పేశా. కుడి చెయ్యి మొత్తం, మెడ ముందు భాగం, ఛాతీ, ఎడమ చేతి వేళ్లు కాలాయి. పక్కింటి పెద్దమ్మ పేస్టు ట్యూబు పట్టుకుని, ఇంకొకాయన ఇంకు సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, ఇద్దర్నీ గుమ్మంలోనే ఆపేశా. పేస్టు, ఇంకు, పసుపు, పెరుగు ఏదీ రాయకూడదు. కుళాయి కింద మామూలు నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పొయ్యాలి, ఐసు వద్దు. అతుక్కున్న బట్ట పీకకూడదు. తర్వాత ఉతికిన కాటన్ పంచె కప్పి, చలి పట్టకుండా పైన దుప్పటి కప్పి తీసుకెళ్లాలి. ఇవన్నీ నేను చేశాను. అక్కడి డాక్టరు కూడా ఎవరు చెప్పారు నీకివన్నీ అని అడిగాడు, గర్వంగానే చెప్తున్నా.

ఇంకొకటి కూడా చేశాను, దాని వల్లే నా మీద పడ్డారు. కాలిన చోట గంటలో వాపు వచ్చేస్తుంది, అప్పుడు గాజులు, ఉంగరం బిగుసుకుపోయి వేళ్లకి రక్తం ఆడదు. అందుకని సబ్బునీళ్లు పోసి గాజులు తీసేశా, ఉంగరం తీసేశా, మెడ కాలింది గనక పుస్తెలతాడు కూడా తీసి నా చొక్కా జేబులో పెట్టుకున్నా. పక్కింటి పెద్దమ్మ నోరు కొట్టుకుంది, భర్త బతికుండగా తాడు తీస్తావా బాబూ అని. తియ్యాలమ్మా, మెడ వాచాక కత్తెర పెట్టడానికి కూడా సందు ఉండదు.

108 తొందరగానే వచ్చింది. దగ్గర్లోని ఆస్పత్రిలో టీటీ ఇంజక్షన్ చేసి సెలైన్ పెట్టి పెద్దాస్పత్రికి రాసేశారు. అక్కడ కాజువాల్టీలో డాక్టరు పాతిక శాతం అన్నాడు. మనిషి అరచెయ్యి వేళ్లతో కలిపి ఒంట్లో ఒక శాతం అట, అలా లెక్కేస్తారు. ముక్కులో వెంట్రుకలు కాలాయా, గొంతు బొంగురుపోయిందా అని టార్చి వేసి చూశాడు, పొగ లోపలికి పోతే ఊపిరి గొట్టం వాచి అదే ప్రాణం మీదకి తెస్తుందట. మాకు ఆ గండం లేదు. తర్వాత అడిగింది, ఎన్ని గంటలకి కాలింది. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. సెలైన్ లెక్క ఆస్పత్రికి వచ్చిన టైం నుంచి కాదు, కాలిన టైం నుంచి. బరువు కిలోల్లో, కాలిన శాతం, ఈ రెండూ గుణించి, వచ్చినదాన్ని నాలుగుతో గుణించాలి. మా ఆవిడ యాభై కిలోలు, పాతిక శాతం, అంటే అయిదు వేల మిల్లీలీటర్లు, అయిదు లీటర్లన్నమాట, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లో, మిగతా సగం తర్వాతి పదహారు గంటల్లో. అది కూడా అంచనానే, యూరిన్ పైపు పెట్టి గంటకి ముప్పై నుంచి యాభై మిల్లీలీటర్లు వస్తోందా లేదా చూసి సెలైన్ పెంచుతారు, తగ్గిస్తారు. ఆ రాత్రి సిస్టర్లు గంటగంటకీ సంచి చూసి రాసుకున్నారు, వాళ్లకి చేతులెత్తి దండం పెడతాను.

ఇంతవరకూ నాకే ఫిర్యాదూ లేదు. అసలు నరకం అప్పుడు మొదలైంది.

ఒళ్లు కాలిన కేసు ఏదైనా ఎం.ఎల్.సి., అంటే మెడికో లీగల్ కేసు, అని రాస్తారు, పోలీసులకి కబురెళ్తుంది, అది రూలు. ఆడమనిషి, పెళ్లై ఏడేళ్లు నిండలేదు అంటే ఇంకా గట్టిగా చూస్తారు, ఎందుకంటే ఏడేళ్లలోపు కాలి చనిపోతే వరకట్న చావు సెక్షన్ వచ్చే అవకాశం ఉంటుంది, పాత ఐపీసీలో 304బి, ఇప్పుడు కొత్త చట్టంలో 80. మాకు ఏడేళ్లు నిండలేదు. ఈ చట్టం ఉండాలి. మా వైపే నాకు తెలిసి ఒకమ్మాయి ఒళ్లంతా కాలి, స్టవ్ పేలిందని చెప్పి పోయింది, ఎందుకలా చెప్పిందో ఊళ్లో అందరికీ తెలుసు, పిల్లలు ఆ ఇంట్లోనే ఉన్నారు, మొగుడు మంచం పక్కనే నిలబడ్డాడు. అందుకని అడగొద్దని నేననను. ఎలా అడిగారన్నదే నా బాధ.

నొప్పి ఇంజక్షన్ ఇంకా పని చెయ్యలేదు. పళ్లు కొరుక్కుని మూలుగుతోంది. ఒకాయన కాగితాలు పట్టుకుని వచ్చి ఒడియాలో గబగబా అడగడం మొదలెట్టాడు. ఈవిడ నా వైపు చూసింది. నేను తెలుగులో చెప్పబోతే నువ్వు నోరెత్తకు, బయటికి పో అన్నాడు. పొమ్మనడం న్యాయమే. కానీ నా బదులు ఎవర్ని పెట్టాడు? స్ట్రెచర్ తోసే కుర్రాణ్ణి. ఆ కుర్రాడికి తెలుగు అంతంతమాత్రం, గొంతు మాత్రం పెద్దది. కర్టెన్ లేదు, చుట్టూ వేరే పేషెంట్ల వాళ్లు మూగారు, వాళ్ల ముందు అరిచాడు, మీ ఆయన కిరోసిన్ పోశాడా, మీ అత్త పోసిందా, ఎంత డబ్బు అడిగారు అని. మా ఇంట్లో కిరోసిన్ చుక్క లేదు, గ్యాస్ పొయ్యి. మా అమ్మ అక్కడే తలుపు దగ్గర బట్టల సంచి పట్టుకుని నిలబడి వింటోంది.

వరండాలోకి వచ్చాక ఇంకొకాయన నన్ను ఆపి మెళ్లో తాడు లేదేం, ఎవరు తీశారు అన్నాడు. నేనే తీశాను సార్ అని జేబులోంచి తీసి చూపించా. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి పక్కవాడికి చూపించాడు, దొంగసొత్తు దొరికినట్టు. తాడుకి కాలిన చర్మం పొర కొంచెం అంటుకుని ఉంది. ఆ క్షణం నా కాళ్లలో సత్తువ పోయింది. వాపొస్తుంది గనక తీశానని చెప్తుంటే వినడే, కాజువాల్టీ డాక్టర్ని అడగండి సార్ అన్నా వినడే. ఈలోగా ఆయా ఎవరో పెళ్లాన్ని కాల్చాడంట అనేసింది, ఆ మాట క్యాంటీన్ దాకా పోయింది. తెల్లారేసరికి హిరమండలం నుంచి మా అత్త వచ్చింది, గేటు దగ్గరే ఎవరో చెప్పేశారు. నన్ను ఎప్పుడూ అల్లుడుగారూ అనే మనిషి, ఆ పొద్దు నా మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాధపడేవాణ్ణి కాదు.

అన్నిటికంటే నన్ను వణికించింది ఇంకొకటి. వరండాలో ఎవరో మరణ వాంగ్మూలం అని మాట్లాడుకుంటున్నారు. లోపల మనిషి మంచినీళ్లు అడుగుతోంది, పాలు పొంగాయేమో చూడమని నాకు చెప్తోంది, ఈ మాటేమిటి? తర్వాత డాక్టరు చెప్పాడు, ఎక్కువ కాలిన మనిషి మొదటి గంటల్లో చక్కగా మాట్లాడుతుంది, ఆ తర్వాత షాకు గానీ ఇన్ఫెక్షన్ గానీ వస్తే మాట పడిపోవచ్చు, అందుకే ముందే రాయించుకుంటారు, బతికితే అది మామూలు స్టేట్‌మెంటే, భయపడకు అని. ఈ రెండు ముక్కలు ముందే చెప్పడానికి ఎవరికి నోరు రాలేదో.

చివరికి నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చింది, బరంపురం తెలుగావిడ. గొడవ చూసి ఆ కుర్రాణ్ణి పంపేసింది, మూగినవాళ్లని పంపేసింది, నన్నూ మా అమ్మనీ కూడా పొమ్మంది, స్క్రీన్ తెప్పించి అడ్డం పెట్టించింది. నొప్పి ఇంజక్షన్ పట్టేదాకా ఎవర్నీ అడగనివ్వలేదు. డాక్టరు వచ్చి మనిషి స్పృహలో ఉంది, అర్థం చేసుకుని చెప్పగలదు అని రాశాక, ఆవిడే మా ఆవిడ చెవి దగ్గర కూర్చుని తెలుగులో అడిగి చెప్పింది, డాక్టరు రాశాడు. అప్పుడు మొదటాయన రాసుకున్న పాత కాగితం కూడా తీసి తెలుగులో చదివి వినిపిస్తే అందులో కిరోసిన్ స్టవ్ అని ఉంది! మా ఆవిడ ఆ మాటే అనలేదు. అది కొట్టించి, గ్యాస్ పొయ్యి, నైటీ, వెనక అర అని రాయించాకే ఒప్పుకుంది. రెండు చేతులకీ కట్లు గనక కాలి బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించారు. ఇదంతా మా ఆవిడ తర్వాత చెప్పింది. నోరు వాచిపోయి కూడా, మా ఆయనే ఆర్పాడు రాయండి అని రెండుసార్లు అందట.

కాబట్టి మా సరిహద్దు ఊళ్లవాళ్లకి గట్టిగా చెప్తున్నా. పేషెంటుకి ఒడియా రాకపోతే తెలుగు వచ్చిన సిస్టర్నో డాక్టర్నో అడగండి, మన వైపు ఆస్పత్రుల్లో ఒకరైనా ఉంటారు. మొగుడూ అత్తా బయటికి వెళ్లమంటే వాదించకుండా వెళ్లండి. కానీ స్క్రీన్ పెట్టమనండి, రాసింది చదివి వినిపించందే వేలిముద్ర వెయ్యొద్దని పేషెంటుకి ముందే చెప్పండి. తీసిన నగలు డాక్టరుకో సిస్టరుకో చూపించి, ఎందుకు తీశారో కేస్ షీట్‌లో రాయించండి.

మిగతాది త్వరగా చెప్తా. డ్రెస్సింగ్ అంటే మా ఆవిడకి ముందురోజు రాత్రి నుంచే వణుకు. అరగంట ముందు నొప్పి ఇంజక్షన్ చేసి, పాత కట్టు సెలైన్‌తో బాగా తడిపాక తీస్తే సగం బాధ తగ్గింది, హడావిడిగా పొడి కట్టు లాగే మనిషి వస్తే ఆగమని చెప్పండి, మీకు ఆ హక్కు ఉంది. తెల్ల క్రీము, సిల్వర్ సల్ఫాడయజిన్, రాశారు. కట్టు మీద పచ్చగా మరక, వాసన, లేకపోతే జ్వరం వస్తే వెంటనే చెప్పాలి. చేతి వెనక కొంత భాగం తెల్లగా తోలులా ఉండి నొప్పే లేదు, మా అత్త మంచిదే కదా అనుకుంది, నొప్పి లేని చోటే లోతుగా కాలిందట, నరాలు పోయాయట. అక్కడే తొడ చర్మం తీసి అతికించారు. అతికించిన చోటికంటే తొడే ఎక్కువ మండింది. అయిదో రోజు విప్పి చూసి పట్టింది అన్నారు.

తలగడ ఇవ్వలేదని మా అమ్మ సిస్టర్తో గొడవపడింది. మెడ కాలినవాళ్లకి తలగడ పెడితే గడ్డం ఛాతీకి అతుక్కుపోతుంది, భుజాల కింద చుట్ట పెట్టి మెడ వెనక్కి ఉంచాలి, చెయ్యి చంకకి దూరంగా చాపి ఉంచాలి. ఎలా పడుకుంటే హాయిగా ఉందో అలాగే చర్మం ముడుచుకుపోతుందమ్మా అంది ఆ బరంపురం సిస్టర్.

పథ్యం దగ్గర మాత్రం నేనే మా అత్తతో తగువు పడ్డా. పప్పు పెడితే చీము, గుడ్డు పెడితే చీము, చారన్నమే పెట్టాలని పట్టు. ఒళ్లు కాలిన మనిషికి కిలోకి ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ప్రోటీన్ కావాలి, మా ఆవిడకి రోజుకి డెబ్బై అయిదు నుంచి వంద గ్రాములు, గుడ్డుకి ఆరు గ్రాములే వస్తుంది. చారన్నంతో కొత్త చర్మం ఎక్కణ్ణుంచి వస్తుంది? గుడ్లు, పాలు, పప్పు, చేప అన్నీ పెట్టాను, అత్త నాలుగు రోజులు మాట్లాడలేదు. పుండు ఎర్రగా, శుభ్రంగా మానుతుంటే చూసి తనే గుడ్డు ఒలిచి తినిపించింది. అల్లుడుగారూ అని మళ్లీ పిలిచింది కూడా ఆ రోజే.

డబ్బు సంగతి. పాతపట్నం చుట్టాలు శ్రీకాకుళం తెచ్చెయ్, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది అని ఫోన్లు. అది ఆంధ్రా వాళ్లకి, మనకి కాదు. 2025 నుంచి ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, గోపబంధు పేరు కలిపి కార్డు ఇస్తున్నారు, ఆ కార్డయితే వేరే రాష్ట్రంలో లిస్టులో ఉన్న ఆస్పత్రిలో కూడా చెల్లుతుంది. ఒళ్లు బాగున్నప్పుడే చేయించుకోండి, కాలిన రాత్రి ఆధార్‌లో పేరు తప్పులు దిద్దించలేరు.

ఇప్పుడు దురద మొదలైంది, రాత్రిళ్లు నిద్రపోనివ్వట్లేదు, కొబ్బరినూనె రాసి మెల్లగా మర్దనా చేస్తున్నా. ఎండలోకి వెళ్లొద్దన్నారు. గాయం పూర్తిగా మానాక మచ్చ ఉబ్బకుండా చేతికీ మెడకీ ప్రెజర్ గార్మెంట్, అంటే ఒంటిని బిగుతుగా పట్టి ఉంచే బట్ట, రోజుకి 23 గంటలు వెయ్యాలట, ఏడాది పైనే పట్టొచ్చట. బరంపురంలో గానీ విశాఖలో గానీ కొలత తీసి సరిగ్గా కుట్టేవాళ్లు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, మెడది ముఖ్యంగా కావాలి, రెడీమేడ్‌ది తెస్తే గడ్డం కింద వదులుగా ఉంది.